ఒక జంట యాత్ర వెనక ఎన్ని కొలువులు?

మీ వాడకట్టులో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఈ రెండు మూడేళ్లలో విదేశాలకు పోయివచ్చిన పెద్దవాళ్ల జంట కనీసం ఒకటైనా తేలుతుంది. జనగామలో రిటైరైన టీచర్ దంపతులు కావచ్చు. భూపాలపల్లిలో సింగరేణి నుంచి దిగిపోయిన కార్మికుడు, ఆయన భార్య కావచ్చు. మహబూబాబాద్ పక్క ఊళ్లో మిర్చి పండించి బిడ్డను అమెరికాలో చదివించిన రైతు కుటుంబం కావచ్చు. కొడుకు దగ్గరికి పోయి, ఇంట్లో కూర్చొని, మనవణ్ని ఆడించి తిరిగిరావడం ఇదివరకటి మాట. ఇప్పుడు ‘ఎట్లాగూ పోతున్నాం గదా, మధ్యలో నాలుగు దేశాలు చూసొద్దాం’ అంటున్నారు. కొందరు పిల్లలతో పని లేకుండానే మూడు వారాలు యూరప్ చుట్టి వస్తున్నారు.

వాళ్లు తిరిగొచ్చాక మీరు చాక్లెట్లు తిన్నారు. ఈఫిల్ టవర్ ముందు దిగిన ఫొటో చూశారు. ‘ఈ ప్రయాణం మొత్తం మీకు ఎవరు కుదిర్చిపెట్టారు?’ అని మాత్రం అడిగి ఉండరు. అడిగితే వచ్చే జవాబులు రెండు మూడే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు. ముంబైలో ఒక పెద్ద కంపెనీ. లేదంటే అమెరికాలో నిద్ర మానుకొని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కొడుకు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో డిగ్రీ చేసిన ఒక అమ్మాయో అబ్బాయో ఆ పని చేశారని మాత్రం ఎవరూ చెప్పరు. నా అభ్యంతరం అక్కడే.

ఉద్యోగాల పేజీ తెరవగానే మీ కళ్లు గ్రూప్స్, పోలీసు, బ్యాంకు, ఐటీ దగ్గర ఆగుతాయి. తప్పులేదు. విమానయానం అనగానే పైలట్, ఎయిర్‌హోస్టెస్ తప్ప మూడో కొలువు గుర్తుకు రాదు. అది మాత్రం తప్పే. ఆ రెండింటికీ మీరు సరిపోకపోవచ్చు, లేదా మీ జేబు సరిపోకపోవచ్చు. కానీ ఒక్క జంట ఒక్క యాత్ర చేయాలంటే వాళ్ల వెనక కనిపించకుండా పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు చూడాల్సింది అటువైపు.

పర్యటన డబ్బున్నవాళ్ల వ్యవహారం, మన జిల్లాల్లో గిరాకీ ఎక్కడిది అంటారా? కొచ్చిలో విజయన్, మోహన అనే దంపతుల సంగతి వినే ఉంటారు. ‘శ్రీ బాలాజీ కాఫీ హౌస్’ అనే చిన్న టీ కొట్టు వాళ్లది. రోజుకు మూడొందలు పక్కన పెట్టారు. చాలనిదానికి అప్పు చేశారు. తిరిగొచ్చి ఆ అప్పు తీర్చేదాకా టీ అమ్మారు, తీరాక మళ్లీ బయల్దేరారు. 2007లో ఇజ్రాయెల్‌తో మొదలుపెట్టి పాతికకు పైగా దేశాలు చూశారు. చివరిది 2021 అక్టోబరులో రష్యా. ఆ మరుసటి నెలే విజయన్ కన్నుమూశారు. వాళ్లిద్దరూ ఎక్కువగా వెళ్లింది టూర్ ప్యాకేజీల్లోనే. అంటే ఆ టీ కొట్టు పైసలతో ఎక్కడో కొందరు ఉద్యోగులకు జీతాలు వచ్చాయి. టీ కొట్టుకే ఇది సాధ్యమైతే పింఛను వచ్చే టీచరుకో, గ్రాట్యుటీ చేతికొచ్చిన గని కార్మికుడికో ఎందుకు కాదు?

ఇక అసలు పని ఎట్లా ఉంటుందో చూద్దాం. మహబూబాబాద్ నుంచి ఒక జంట బయల్దేరుతోందని అనుకోండి. ఇద్దరికీ అరవై దాటాయి. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా పారిస్. అక్కడ మూడు రాత్రులు. రైల్లో లండన్. అక్కడ రెండు రాత్రులు. విమానంలో జ్యూరిక్. స్విట్జర్లాండ్‌లో ఐదు రాత్రులు. తర్వాత ఇటలీలో నాలుగు. రోమ్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్. కాగితం మీద అందంగా ఉంది. ఇప్పుడు చెప్పండి, వీసాకు ఏ దేశానికి దరఖాస్తు చేస్తారు?

‘మొదట దిగేది పారిస్ కాబట్టి ఫ్రాన్స్‌కు’ అని మీలో చాలామంది అంటారు. కాదు. షెంజెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వాటన్నిటికీ ఒకే వీసా. అయితే ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ అది స్విట్జర్లాండ్. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గదా అంటారా? లేదు, కానీ షెంజెన్‌లో ఉంది. బ్రిటన్ రెండింటిలోనూ లేదు, దానికి వీసా వేరే. ఇక్కడే ఇంకో చిక్కుంది. పారిస్ నుంచి లండన్ వెళ్లారంటే షెంజెన్ నుంచి బయటికి వచ్చినట్టే. జ్యూరిక్‌లో దిగడం రెండో ప్రవేశం కింద లెక్క. వీసా మీద ‘సింగిల్ ఎంట్రీ’ అని పడి ఉంటే ఆ జంట లండన్‌లోనే ఆగిపోతుంది. జ్యూరిక్ హోటలూ, మంచుకొండ టికెట్లూ, రోమ్ నుంచి తిరుగు విమానమూ అన్నీ ఆ రెండు పదాల దగ్గర కూలిపోతాయి. దరఖాస్తులో సరైన గడిలో టిక్కు పెట్టడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు. రూలు తెలిసి ఉండాలి, ఓపికగా చదవాలి.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. పాస్‌పోర్టు గడువు షెంజెన్ నుంచి బయటికొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలుండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజులలోపు అంటే కుదరదు. వేసవి సెలవుల్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. మన తెలుగువాళ్లకు ఉండే తలనొప్పి ఇంకొకటి ఉంది, ఇంటిపేరు. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా వదిలేసినవి మనకు కొత్త కాదు. ఒకే పేరుండి ఇంటిపేరు లేని పాస్‌పోర్టుపై పర్యాటక వీసా ఇవ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. ‘వచ్చేటప్పుడు రెండ్రోజులు దుబాయ్ చూద్దాం’ అనుకునే జంటకు ఈ సంగతి టికెట్ కొనకముందే చెప్పేవాళ్లు కావాలి, విమానాశ్రయంలో కాదు. ‘సీతారామయ్య’ అని ఆధార్‌లో, ‘సీతారాములు’ అని బ్యాంకు పుస్తకంలో ఉంటే అది ఒకే మనిషని మన ఊరివాడికి చూడగానే తెలుస్తుంది. వీసా ఆఫీసరుకు ఎట్లా తెలుస్తుంది? ఏ కాగితం జత చేయాలో తెలిసినవాడి చేతిలోనే ఆ దరఖాస్తు నిలబడుతుంది.

చూడాల్సిన స్థలాల వరస వేయడం తేలికని చాలామంది అపోహ. గూగుల్ మ్యాప్ తెరిచి చుక్కలు కలిపితే సరిపోదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. వెర్సాయ్ రాజభవనం సోమవారం ఉండదు. వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాల్లో తెరవరు. జంట పారిస్‌లో ఉండే మూడు రోజులు ఆది, సోమ, మంగళ అయ్యాయంటే ప్లాన్ తిప్పి రాయాల్సిందే. యుంగ్‌ఫ్రావ్ మంచుశిఖరం స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. రైలు నేరుగా అక్కడికి తీసుకెళ్లి దింపుతుంది. కాలికి శ్రమ లేదు, కానీ గుండెకు ఉంటుంది. స్టెంట్ వేయించుకున్న పెద్దాయనను డాక్టరును అడగకుండా అక్కడికి పంపేవాడు ప్లానర్ కాడు, టికెట్లు అమ్మేవాడు.

బస్సు సంగతీ అంతే. మన దగ్గర టూరిస్టు బస్సు డ్రైవర్ రాత్రంతా నడిపి, పొద్దున మొహం కడుక్కొని మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు. యూరోపియన్ యూనియన్‌లో అట్లా నడవదు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం పది దాకా పోవచ్చు. ఇదంతా బస్సులో ఉన్న పరికరంలో నమోదవుతుంది. అందుకే టూర్ మేనేజర్ ‘ఇక్కడ పావుగంటే’ అని గద్దిస్తే మనోళ్లు విసుక్కుంటారు. ఆయన వెనక డ్రైవర్ గడియారం తిరుగుతూ ఉంటుంది.

విమానం ఆగితే పనికొచ్చేవాడెవరు?

అసలు పరీక్ష ప్లాన్ వేసినప్పుడు కాదు, అది చెడినప్పుడు. మన ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లకు ఆలస్యం శంషాబాద్‌లో మొదలు కాదు. ఇంటి దగ్గరే మొదలవుతుంది. భూపాలపల్లికి రైలే లేదు. పరకాల, హనుమకొండ మీదుగా రోడ్డు పట్టుకొని రావాలి. మహబూబాబాద్‌కు రైలుంది, కానీ ఆ పట్టాల మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో 2024 వానలు చూపించాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి ఇనుప పట్టాలు గాలిలో వేలాడాయి. వందల రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. లైను మళ్లీ నడవడానికి రోజులు పట్టింది.

అదే రోజు, అదే జిల్లాలో మరిపెడ మండలం దగ్గర ఇంకా ఘోరం జరిగింది. శంషాబాద్‌లో విమానం అందుకోవాలని కారులో బయల్దేరిన తండ్రీకూతుళ్లు ఆకేరు వాగు వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. దీన్ని ఉదాహరణగా రాయడానికి చేయి ఆడదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే విమానం తప్పిపోతుందన్న భయం మనుషుల్ని చీకట్లో, వానలో రోడ్డెక్కిస్తుంది. టికెట్ డబ్బు పోతుందని, అపాయింట్‌మెంట్ పోతుందని, మళ్లీ ఎవరిని అడగాలో తెలియదని. ఆ రాత్రి ఫోన్ ఎత్తి ‘బయల్దేరకండి. తేదీ మార్చడానికి ఇంత అవుతుంది, నేను మారుస్తా’ అని చెప్పే మనిషి ప్రతి ప్రయాణికుడికీ ఉండాలి. ఈ వృత్తిలో గౌరవం నాకు కనిపించేది ఆ ఒక్క ఫోన్‌లోనే.

ఇక ఆకాశంలో ఆలస్యాలు. 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. దోహాకు వెళ్లాల్సిన విమానాలు మధ్యలో ఎక్కడెక్కడో దిగాయి. వేలమంది కనెక్టింగ్ ఫ్లైట్లు తప్పిపోయి ఆగిపోయారు. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా యూరప్, అమెరికా వెళ్లే తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు. ఆ రాత్రి లాంటిది వచ్చినప్పుడు తేడా చూపేది ఒక్క విషయం: టికెట్ ఒకటా, రెండా?

హైదరాబాద్ నుంచి పారిస్ దాకా ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, గమ్యం దాకా చేర్చే బాధ్యత సంస్థదే. నాలుగు వేలు మిగులుతాయని దోహా దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో సంస్థలో మరో టికెట్ కొంటే రెండో సంస్థకు మీ ఆలస్యంతో సంబంధం లేదు. ‘ప్రయాణికుడు రాలేదు’ అని రాసుకొని విమానం వెళ్లిపోతుంది. బ్యాగు కూడా దోహాలో దించుకొని మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టే అనుమతి కావాలి. ఇంత తతంగం ఉందని యాప్‌లో చౌక టికెట్ నొక్కే చేతికి తెలియదు.

నష్టపరిహారం నిబంధనల్లో ఇంకో విశేషముంది. యూరోపియన్ యూనియన్ 261 అనే నిబంధన ప్రకారం అక్కడి విమానాశ్రయం నుంచి బయల్దేరే ఏ విమానమైనా, ఏ దేశపు సంస్థదైనా సరే, సంస్థ తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరిస్తే పరిహారం అడగొచ్చు. దూరాన్ని బట్టి 600 యూరోల వరకు. గల్ఫ్ సంస్థ విమానంలో రోమ్ నుంచి తిరిగొచ్చే జంటకు ఇది వర్తిస్తుంది. అదే సంస్థలో హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు వర్తించదు, ఎందుకంటే బయల్దేరింది యూరప్ నుంచి కాదు, సంస్థా యూరప్‌ది కాదు. గగనతలం మూతపడటం లాంటి అసాధారణ పరిస్థితుల్లో పరిహారం రాదు, భోజనం, బస మాత్రం అడగొచ్చు. మన దగ్గర డీజీసీఏ నిబంధనలు వేరు. ఆలస్యం కొన్ని గంటలు దాటితే తిండి, ఆరు గంటలు దాటేట్టుంటే ప్రత్యామ్నాయ విమానమో పూర్తి డబ్బు వాపసో, 24 గంటలు దాటితే హోటల్. ఫిర్యాదుకు ఎయిర్‌సేవ పోర్టల్ ఉంది. ఇవన్నీ ఉచితంగా ఇంటర్నెట్‌లో దొరికే కాగితాలు. చదివినవాళ్లు తక్కువ కాబట్టే చదివినవాడికి విలువ.

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? దేశంలో అతిపెద్ద విమానయాన సంస్థ ఇండిగో ఒక్క వారంలో వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లోనూ జనం నేలమీదే పడుకున్నారు. విమానాలు చెడిపోయి కాదు, వాతావరణం బాగాలేక కాదు. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. నవంబరు 1 నుంచి పూర్తిగా అమలవుతాయని ముందే తెలుసు. దానికి తగ్గట్టు డ్యూటీ పట్టిక కుదరలేదు. అంత పెద్ద సంస్థ తలకిందులైంది ఒక పట్టిక దగ్గర! క్రూ రోస్టరింగ్ అనే విభాగం ఒకటుందని, అందులో లెక్కలు బాగా వచ్చిన కుర్రాళ్లు పనిచేస్తారని మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఎప్పుడైనా చెప్పిందా? 2024 జులై 19న ప్రపంచమంతా కంప్యూటర్లు మొరాయించిన రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. రాసిన చేతులు గ్రౌండ్ స్టాఫ్‌వి.

యూనిఫాం అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకపోతే పాపం. మన పట్టణాల్లో గోడల మీద ‘ఎయిర్‌పోర్టులో వంద శాతం ఉద్యోగం’ అనే పోస్టర్లు చూస్తూనే ఉన్నారు. కోటు వేసుకొని నవ్వే అమ్మాయి బొమ్మ, కింద ఫోన్ నంబర్. మేకప్ క్లాసు, నడక క్లాసు, ఒకరోజు శంషాబాద్ విజిట్, చివర్లో సర్టిఫికెట్. చేతికొచ్చేసరికి ఇంట్లో ఒక గేదో, అమ్మ మెడలో గొలుసో పోయి ఉంటుంది. మంచి శిక్షణ సంస్థలు లేవని అనను. కానీ వంద శాతం ఉద్యోగం అని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచిరండి. ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్పుతారు, ఎన్ని గంటలు, నిరుడు చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారు, వాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తారా? ఈ ప్రశ్నలకు తడబడితే ఫీజు కట్టకండి.

ఇంకో రకం మరీ దుర్మార్గం. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వస్తుంది. లోగో సరిగ్గానే ఉంటుంది. యూనిఫాం డిపాజిట్, మెడికల్, గేట్ పాస్ అంటూ విడతలుగా పైసలు లాగుతారు. నియామకానికి డబ్బు తీసుకోబోమని విమానయాన సంస్థలు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పదేపదే ప్రకటిస్తూనే ఉన్నాయి. అయినా మోసపోతున్నారు. చదువుకున్నవాళ్లే మోసపోతున్నారు. పైసలు పంపేశామని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండ్రోజులు ఆగితే ఆ డబ్బు ఇక దొరకదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? గచ్చిబౌలిలో నిథమ్ ఉంది, నెల్లూరులో ఐఐటీటీఎం క్యాంపస్ ఉంది. టూరిజం డిగ్రీలు, పీజీలు అక్కడ దొరుకుతాయి. టికెటింగ్ వైపు వెళ్లాలంటే అమేడియస్, గెలీలియో, సేబర్ అనే రిజర్వేషన్ వ్యవస్థల్లో ఒకటి చేతికి రావాలి. ఐయాటా వారి ఫౌండేషన్ డిప్లొమా అంతర్జాతీయంగా చెల్లుతుంది. బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ వాళ్లకు ఒక దారి ఉందని చాలామందికి తెలియదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు మీరూ అర్హులే, రాతపరీక్ష ద్వారానే. గ్రూప్స్‌కు కూర్చున్న ఓపికలో సగం దీనికి పెట్టి చూడండి. ముందు పాస్‌పోర్టు తీసుకోండి. మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. ప్రయాణాల ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి ‘పాస్‌పోర్టు లేదు సార్’ అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్ల జీతం ఐటీతో పోల్చేది కాదు. రాత్రి డ్యూటీలుంటాయి. దసరాకు అందరూ ఊరికి పోతుంటే మీరు ఆఫీసులో ఉంటారు, ఎందుకంటే అదే సీజన్. కొవిడ్ రోజుల్లో ఈ రంగమంతా ఒక్కసారిగా ఆగిపోయిన మాటా నిజమే. టికెట్ బుకింగ్ ఒక్కటే తెలిసినవాడికి భవిష్యత్తు లేదు, ఆ పని ఫోన్ చేస్తోంది. ప్లాన్ రాసిపెట్టడం కూడా కృత్రిమ మేధ చేస్తోంది, బాగానే చేస్తోంది. అయితే సింగిల్ ఎంట్రీ వీసాతో లండన్‌లో ఆగిపోయిన జంట తరఫున అది ఎవరితోనూ మాట్లాడదు. తప్పు ప్లాన్ ఇచ్చినందుకు జవాబు కూడా చెప్పదు. జవాబు చెప్పే మనిషికే ఇకముందు జీతం.

ఆ మనిషి తెలుగు మాట్లాడాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. విదేశాల్లోని తెలుగు సంఘాల గ్రూపుల్లో చూడండి. ‘అమ్మానాన్న ఫలానా తేదీన హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నారు, అదే విమానంలో ఎవరైనా ఉంటే తోడు చూడండి’ అనే అభ్యర్థనలు రోజూ కనిపిస్తాయి. కాళ్లు బాగానే నడిచే పెద్దవాళ్లు కూడా వీల్‌చైర్ అడుగుతారు. మోకాళ్ల కోసం కాదు, భాష కోసం. ఆ కుర్చీ నెట్టే మనిషి సరైన గేటు దగ్గర దించుతాడని ధైర్యం. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది, కాబట్టి అక్కడ ఎక్కువ టైం ఉండే విమానం చూడాలి. ఈ ముక్క వాళ్లకు అర్థమయ్యే తెలుగులో, ‘పెద్దమ్మా, అక్కడ వేళ్ల గుర్తులు తీసుకుంటరు, భయపడకు’ అని ఎవరు చెప్తున్నారు? ఫోన్‌లో ముంబై ఉద్యోగి హిందీలో చెప్తే ఆమె ‘సరే సరే’ అని పెట్టేస్తుంది, ఏమీ అర్థం కాకుండానే.

మామునూరు విమానాశ్రయం వస్తే అన్నీ మారతాయని కొందరు ఎదురుచూస్తున్నారు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం కట్టకూడదన్న షరతు అడ్డు తొలగి, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది. సంతోషమే. కానీ రన్‌వే పడినంత మాత్రాన ఉద్యోగాలు మన ఇంటికి నడిచిరావు. చేతిలో పని ఉన్నవాణ్నే తీసుకుంటారు. వరంగల్‌లో మొదటి విమానం దిగేనాటికి మీకు రెండేళ్ల అనుభవం ఉండాలంటే ఇప్పుడే ఎక్కడో చేరాలి. హైదరాబాద్‌లో ఒక చిన్న ఏజెన్సీ అయినా ఫర్వాలేదు, వీసా ఫైళ్లు కట్టే పనైనా ఫర్వాలేదు.

దరఖాస్తు పంపేముందు ఒక పని చేయండి. పైసా ఖర్చు లేదు. రివర్సులో ఆలోచించండి. డాలస్ నుంచి ఒక జంట పుట్టిన ఊరికి వచ్చింది, వాళ్లతో అరవై ఐదేళ్ల తల్లి, పదేళ్ల మనవడు ఉన్నారు. మూడు రోజులు మన జిల్లాలు చూపించాలి. పెంబర్తిలో ఇత్తడి పని చూడాలంటే కళాకారులు ఏ వేళలో పని మీద ఉంటారు? పాలకుర్తి, పోతన ఊరు బమ్మెర ఒకే పూటలో కుదురుతాయా? డోర్నకల్‌లో కట్టిన చర్చి చూడటానికి ఆదివారం వెళ్లొచ్చా, వెళ్లకూడదా? దేశంలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించిన కట్టడమది, 1939లో ప్రతిష్ఠ జరిగింది, మనలో సగంమంది చూడలేదు. గణపురం కోటగుళ్లు పొద్దున చూడాలా, సాయంత్రమా? కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాల దర్శనం అయ్యేసరికి ఎంతసేపు పడుతుంది, తిరుగు దారిలో మంచి భోజనం ఎక్కడ, శుభ్రమైన బాత్రూం ఎక్కడ? 2025 మేలో సరస్వతీ పుష్కరాలప్పుడు ఆ దారిలో బండ్లు ఎక్కడెక్కడ ఆగిపోయాయో స్థానికులను అడగండి, అది మీ నోట్సులో ఉండాలి.

ఈ మూడు రోజుల ప్లాన్ గంటల లెక్కన, ఖర్చులతో, వాన పడితే ఏం చేయాలో కూడా కలిపి రెండు పేజీల్లో రాయండి. బయోడేటాకు జత చేసి పంపండి. ‘కష్టపడి పనిచేస్తాను’ అనే వాక్యం ఉన్న బయోడేటాలు ఏ ఆఫీసుకైనా కుప్పలుగా వస్తాయి, ఇట్లాంటి రెండు పేజీలు రావు. రాశాక మీ అమ్మకో అమ్మమ్మకో చదివి వినిపించండి. రామప్ప గుడి దగ్గర కారు ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ఎంత దూరం నడవాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి అని ఆమె అడుగుతుంది. రాశారా?